మింగలాడోన్ బీరు: రుచికి ముందు వాటాలు

బీరు చరిత్ర రాసేవారు సాధారణంగా బార్లీ, హాప్స్, నీటి గుణం వంటి వాటితో మొదలుపెడతారు. యాంగోన్ ఉత్తర శివార్ల విషయంలో ఈ పద్ధతి చాలదు. విమానాశ్రయానికీ సైనిక స్థావరాలకూ నెలవైన మింగలాడోన్‌లో మయన్మార్ బ్రూవరీ, మరికొంత ఉత్తరాన హ్మాబీలో 2015లో మొదలైన హైనెకెన్ కర్మాగారం ఉన్నాయి. వీటి చరిత్రలో రుచి కన్నా ముందు చూడవలసింది వాటాలు.

బర్మాలో బీరుకూ సైన్యానికీ సామీప్యం పాతదే. 1885లో మాండలే బ్రిటిషు సేనల వశమైంది. మరుసటి ఏడాదే అక్కడ బ్రూవరీ వెలిసింది. నూరేళ్ళు దాటాక ఆ సామీప్యం యాజమాన్యంగా మారింది. 1995లో ఏర్పడిన మయన్మార్ బ్రూవరీలో విదేశీ పెట్టుబడికి తోడు సైన్యానికి చెందిన మయన్మార్ ఎకనమిక్ హోల్డింగ్స్ భాగస్వామి.

అదే 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం అమలైంది. దూబగుంట మహిళల పోరాటం అక్కడి మద్యం ఆదాయాన్ని ఓట్ల సమస్యగా మార్చగలిగింది. ఎక్సైజు రాబడి ఎంత చెడ్డదైనా శాసనసభ ముందుకు రాకతప్పదు. సైనిక సంస్థకు చేరే లాభానికి అలాంటి సభ లేదు. రెండు వ్యవస్థల తేడా సీసాలో లేదు, లెక్క అడిగే హక్కులో ఉంది.

విదేశీ సంస్థల రాకపోకలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. ఒత్తిడి వల్ల హైనెకెన్ 1996లో వైదొలగింది, దేశం తలుపులు తెరిచాక తిరిగి వచ్చింది. జపాన్‌కు చెందిన కిరిన్ 2015లో మయన్మార్ బ్రూవరీలో 55 శాతం వాటాను 56 కోట్ల డాలర్లకు కొన్నది. సైనిక సంస్థల ఆర్థిక ప్రయోజనాలపై ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2019లోనే నివేదిక ఇచ్చింది. కిరిన్ మాత్రం భాగస్వామ్యాన్ని తెంచుకుంటానని ప్రకటించింది 2021 ఫిబ్రవరి తిరుగుబాటు తర్వాతే. 2023 జనవరిలో తన వాటాను ఆ బ్రూవరీకే తిరిగి అమ్మి నిష్క్రమించింది.

ఇక్కడే అసలు ప్రశ్న. కిరిన్ చేతులు కడుక్కున్నది. కర్మాగారం మాత్రం పూర్తిగా సైనిక సంస్థ చేతిలో మిగిలింది. నైతిక నిష్క్రమణ అనే మాట వ్యాపార పత్రికలలో ముగింపుగా కనిపిస్తుంది. అది వెళ్ళిపోయినవారి కథకే ముగింపు. తిరుగుబాటు తర్వాత మయన్మార్ బీరును తాగడం, అమ్మడం మానేసిన యాంగోన్ పౌరులకు, దుకాణదారులకు వెళ్ళిపోయే వెసులుబాటు లేదు. ఈ బ్రూవరీల చరిత్రను వారి వైపు నుంచి రాస్తేనే అది చరిత్ర. లేకుంటే కంపెనీ వార్షిక నివేదికే.