మూడు కార్డ్‌లు, మూడు సంపుటాలు

నాచారం పారిశ్రామికవాడలో ఓ షెడ్డు మీది గదిలో మా మేనల్లుడు, వాడి ముగ్గురు దోస్తులు ఆదివారం ఆదివారం గిటార్లు, డ్రమ్స్ పెట్టుకుని కూర్చుంటారు. ఆ రోజు కింద లేత్ మిషన్లకు సెలవు. పోయిన వారం నేనూ వెళ్లాను. పాట బాగా కట్టారు. జనం ముందు ఎప్పుడు పాడతార్రా అని అడిగితే, "గిటార్ మీద మూడు కార్డ్‌లే సక్కగ వస్తున్నయ్ మామా, ఇంకో రెండేండ్లు నేర్చుకోవాలె" అన్నాడు.

ఆ వయసులో నేనూ అలాగే ఆగాను. వేలు కుదిరాక, తాళం కుదిరాక అనుకుంటూ ఉండగానే, పాడాలన్న మంట చల్లారిపోయింది. అందుకే వాడి మాట నన్ను నిలవనివ్వలేదు.

లండన్‌లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ బ్యాండ్ కుర్రాళ్లు అలా ఆగలేదు. 1975 నవంబరులో ఓ ఆర్ట్ కాలేజీలో మొదటిసారి వాయించారు. 1978 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో కచేరీతో ఆ బ్యాండ్ అయిపోయింది. ఉన్నది ఒక్కటే స్టూడియో ఆల్బమ్. దాని పేరులో బూతు ఉందని రికార్డుల దుకాణం మేనేజరు మీద కేసు పెడితే కోర్టు కొట్టేసింది.

అంతకు పదేళ్ల ముందే మన హైదరాబాద్‌లో కవిత్వంలో ఇలాంటి జట్టు ఒకటి లేచింది, దిగంబర కవులు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. ఆరుగురూ ఇంట్లో పెట్టిన పేర్లు వదిలేశారు. ఋతువులకు, వారాలకు కూడా కొత్త పేర్లు పెట్టుకున్నారు. 1965లో వాళ్ల మొదటి కవితా సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఆవిష్కరించింది నాంపల్లి పాండు, రిక్షా కార్మికుడు. 1966లో విజయవాడలో రెండోదాన్ని హోటల్ కార్మికుడు జంగాల చిట్టి, 1968లో విశాఖలో మూడోదాన్ని బిచ్చమెత్తుకుని బతికే యాదమ్మ విడుదల చేశారు. శాలువాలు, అధ్యక్షోపన్యాసాలు అలవాటైన సాహిత్యలోకానికి అదే పెద్ద దెబ్బ. కవిత ఎవరి చేతికి అందాలో వాళ్లు ముందే తేల్చుకున్నారు. మూడు సంపుటాలతో ఆపేశారు.

ఆ కవితల్లో కొన్ని ఇప్పుడు చదివితే కేకే మిగులుతుంది. స్త్రీ దేహాన్ని తిట్టుకు వాడుకున్న పోలికలు నాకు ఎన్నడూ నచ్చలేదు. కానీ ఆ కేక లేకపోతే తర్వాతి అడుగు పడేది కాదు. 1970లో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టినప్పుడు వీళ్లలో నలుగురు అందులో చేరారు. మరుసటి ఏడాదే నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజులను ముందస్తు నిర్బంధ చట్టం కింద జైల్లో పెట్టారు.

చెరబండరాజు మనవైపు మనిషి. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుపోతే ఘట్‌కేసర్ దగ్గర అంకుశాపురం ఆయన ఊరు. అసలు పేరు బద్దం భాస్కరరెడ్డి, వృత్తి తెలుగు పంతులు. అచ్చు కవిత చదువురాని కూలివాడి దగ్గరికి చేరదని తెలిసి పాటకు మళ్లాడు. రాళ్లు కొట్టేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు వెంటనే అందుకోగల పాటలు రాశాడు. పాట కట్టడంలో నాకు తెలిసిన పెద్ద పనితనం అదే. 1982లో మెదడు క్యాన్సర్‌తో పోయేనాటికి ఆయనకు నలభై కూడా నిండలేదు.

ఇదంతా మావాడికి చెప్పాను. వచ్చే ఆదివారం షెడ్డు గేటు తీసిపెట్టి, ఆ పక్క పనివాళ్లను పిలిచి పాడతామన్నారు. మీ వీధిలోనూ ఇలాంటి గది ఉంటే, చప్పుడని తలుపు కొట్టకండి. ఒక గంట వాయించుకోనివ్వండి.