తీరిక వేళకు మూడు పుస్తకాలు

తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్న తరువాత తీరిక వేళలలో ఏం చదవాలి? మన సంఘాల తరగతులలో చదువుకున్నవారికి తరచు కలిగే సందేహమిది. పెద్దలు ప్రేమతో ఒక ప్రబంధాన్నో, వేయి పుటల నవలనో చేతిలో పెడతారు. పది పుటలు తిరగకముందే అది అటకెక్కుతుంది. ఆ గ్రంథాలు గొప్పవే. కాని మనకు మొదటి మెట్టు అవి కావు.

మేము ఇప్పుడు ఉంటున్న షామ్‌బర్గ్, షికాగోకు వాయవ్యాన ఉన్నది. ఇక్కడి తెలుగువారిలో చాలామంది ఆంధ్ర, తెలంగాణల నుండి నేరుగా వచ్చినవారు. వారి నడుమ మన పిల్లలు ఇంట్లో విన్నట్లుగా “నాను”, “ఏటి” అంటే నవ్వులు వినబడతాయి. పిల్లలు సిగ్గుపడి ఇంగ్లీషులోకి మారిపోతారు. అది తప్పు తెలుగు కాదు. 1860 నుండి నటాలుకు, 1903 నుండి ఫిజీకి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన తెలుగువారిలో ఎందరో విశాఖపట్నం, గంజాం జిల్లాలవారు. ఆ సీమ తెలుగు అచ్చులో ఉన్న పుస్తకాలతోనే మన చదువు మొదలుకావాలని మా అభిప్రాయం.

మొదటిది చాసో కథలు. విజయనగరం చాగంటి సోమయాజులు (1915–1994) కథలు చిన్నవి. ఒక్క పూటలో ఒకటి ముగుస్తుంది. “ఎందుకు పారేస్తాను నాన్నా” డబ్బు లేక చదువు ఆగిపోయిన కుర్రవాడి కథ. రచయిత జాలి మాటలు పలకడు. జాలి మనలోనే పుడుతుంది.

రెండవది గురజాడ “కన్యాశుల్కం”. 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన ఈ నాటకాన్ని గురజాడ 1909లో తిరగరాశారు. నేడు మనం చదివేది అదే. ఇంటిల్లిపాదీ పాత్రలు పంచుకొని పైకి చదవాలి. సంస్కృతపు చమత్కారాలు కొన్ని అందకపోవచ్చు. గిరీశం ఇంగ్లీషు కలిపి కొట్టే గొప్పలు మాత్రం మన పిల్లలకు చప్పున అందుతాయి.

మూడవది కాళీపట్నం రామారావు (1924–2021) “యజ్ఞం”. ఆయన కూడా బడిపంతులే. 1960లలో వచ్చిన ఈ కథలో అప్పల్రాముడి పాత అప్పు మీద ఊరి పంచాయతీ జరుగుతుంది. లెక్కల భాగం దీర్ఘమే; విసుగు పుట్టవచ్చు. దాటవేయకండి. అది లేకుంటే ముగింపు ఉత్త భయానకంగా మిగిలిపోయేది. తన బిడ్డ అప్పుకు బానిసగా బ్రతకరాదని కొడుకు సీతారాముడు ఆ పసివాణ్ణి చంపుతాడు.

తీరిక వేళ ఇంత బరువైన కథా అని అడగవచ్చు. అప్పు తీరే దారి లేక ఓడ ఎక్కినవారు మన పెద్దలలో ఉన్నారు. ఎక్కక ఊళ్ళోనే మిగిలినవారి మనుమలకు ఏం జరిగిందో మన ఇళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఈ కథ చెబుతుంది. అందుకే మూడింటిలో దీనికే మేము పెద్దపీట వేస్తున్నాము.

పుస్తకాలు దొరకవన్న దిగులు వద్దు. రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథానిలయం వేలాది కథలను అంతర్జాలంలో ఉంచింది. షికాగో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనూ తెలుగు పుస్తకాలున్నాయి. భారతదేశం అమెరికా గోధుమలకు రూపాయలలో కట్టిన సొమ్ములో కొంతతో, 1962 నుండి పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంపారు.

ఇంట్లో వృద్ధులుంటే ఈ కథలు వారికి చదివి వినిపించండి. మీకు తెలియని మాటకు అర్థం నిఘంటువు కన్న ముందు వారినే అడగండి.