ఆ 1024 ఎవరి కోసం?

"సార్, నెట్ ఖరాబయింది. టెస్టు మధ్యల ఆగిపోయింది, పిల్లలు తిడుతున్నరు." ఆదివారం పొద్దున్నే తార్నాక నుంచి ఫోన్. ఉస్మానియా హాస్టల్లో ఉంటూ, తార్నాకలో గది అద్దెకు తీసుకుని పోటీ పరీక్షల సైట్ నడుపుతున్న కుర్రాళ్లు. నేను వెళ్లేలోపే ఫైర్‌వాల్ సవరించారు, డీఎన్‌ఎస్ మార్చారు. సర్వర్ ఎక్కడో క్లౌడ్‌లో ఉంటే గదిలో రూటర్ని కూడా ఆపి వేశారు! లాగ్ మాత్రం ఎవరూ తెరవలేదు. అందులో వరసగా ఒకటే మొర: 'టూ మెనీ ఓపెన్ ఫైల్స్'.

యూనిక్స్ వంశంలో నెట్‌వర్క్ కనెక్షన్ కూడా ఫైళ్ల పద్దులోకే వస్తుంది. లైనక్స్‌లో ఒక్కో ప్రాసెస్‌కు మామూలుగా దక్కేది 1024. పరీక్ష రాసే ఒక్కొక్కరికీ ఒక సాకెట్, డేటాబేస్‌కు మరికొన్ని. కోటా నిండితే తర్వాత వచ్చినవాళ్లు బయటే.

"అన్‌లిమిటెడ్ పెడ్తే అయిపోతది కద సార్?"

నా పాత పాట మీకు కంఠతా వచ్చు: హద్దు పెంచడం మరమ్మతు కాదు. తెరిచిన ఫైలు మూయని ప్రోగ్రామ్‌కు లక్ష ఇస్తే లక్షా మింగుతుంది. ఇవాళ కూలాల్సింది ఎల్లుండి కూలుతుంది, అంతే.

ఈ పట్టుదల నాకు క్యాంపస్‌లోనే అబ్బింది. అప్పట్లో మా అందరికీ కలిపి ఒకటే యంత్రం, వరసగా టెర్మినళ్లు. ఒక మహానుభావుడు తనను తాను ఆగకుండా ఫోర్క్ చేసుకునే, అంటే తన నకళ్లు పుట్టించే, నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసి ఎంటర్ కొట్టాడు. అందరి తెరలూ బిగుసుకుపోయాయి. పక్కవాడు సేవ్ చేయని ప్రాజెక్టు గంగలో కలిసింది. మర్నాటి నుంచి మనిషికిన్ని ప్రాసెస్‌లని ఆపరేటర్ కోటా పెట్టాడు. అందరూ సణిగారు. నాకు మాత్రం నచ్చింది. ఉమ్మడి బావికి గిలక ఒకటే ఉన్నప్పుడు వంతులు తప్పవు కదా!

తార్నాకలో ఆ ప్రాసెస్ తెరిచి ఉంచిన ఫైళ్లను లెక్కపెట్టాం. పరీక్ష నడుస్తుంటే లెక్క పెరుగుతోంది, ముగియగానే దిగిపోతోంది. ఫైళ్లు మూయకుండా వదిలేసే లీకేజీ అయితే దిగదు. పైగా ఆ యంత్రంలో వీళ్ల సైట్ తప్ప ఇంకేమీ లేదు. మరి ఈ కోటా ఎవరిని కాపాడుతున్నట్టు?

పాత ప్రోగ్రాములని! 'సెలెక్ట్' అనే పాత కాల్ 1024కు మించి లెక్కపెట్టలేదు. మించితే మెమరీనే పాడుచేస్తుంది. అందుకే లైనక్స్‌లో సర్వీసులను లేపే సిస్టమ్‌డీ 2018లో హార్డ్ లిమిట్‌ను (అడిగితే దక్కే గరిష్ఠాన్ని) 524288కి పెంచినా, సాఫ్ట్ లిమిట్‌ను (అడక్కుండా దక్కేదాన్ని) 1024 దగ్గరే ఉంచింది. చేతనైన ప్రోగ్రామ్ అడిగి పెంచుకోవచ్చు.

కుర్రాళ్లు 'లిమిట్స్ డాట్ కాన్ఫ్'లో ముందే పెంచారట. ఆ ఫైలు చెల్లేది లాగిన్లకు. సిస్టమ్‌డీ లేపే సర్వీసు దాన్ని చూడదు. సర్వీసు యూనిట్‌లోనే 'లిమిట్‌నోఫైల్' 16384 అని రాసి, రీస్టార్ట్ చేయించి వచ్చాను.

కాబట్టి నా పాటకు ఒక చరణం చేర్చుకోండి. పని ముగిశాక లెక్క దిగుతుంటే హద్దు నిస్సంకోచంగా పెంచండి. దిగకపోతే ఎన్ని సున్నాలు చేర్చినా దండగే. అన్‌లిమిటెడ్ మాత్రం రెండు సందర్భాల్లోనూ వద్దు. ఇవాళ లేని లీకేజీ రేపటి కోడ్‌తో రావచ్చు, అప్పుడు లాగ్‌లో మొర పెట్టడానికి ఏదో ఒక అంకె ఉండాలి.