ముంగిటి యాత్రలు – మన వాఙ్మయము

మన తెలుగువారికి యాత్ర యనుమాట వినగానే దూరము స్ఫురించును. కాశికి పోయివచ్చినవానికి గౌరవము కలదు. సీమలు తిరిగి వచ్చినవాని మాటలు పదిమంది చేరి విందురు. పొరుగూరి కొండ యెక్కి దిగివచ్చినవానిని మాత్రము "పని లేక పోయినాడు" అందురు. ఈ లోకాభిప్రాయమే మన యాత్రావాఙ్మయములోనికిని ప్రవేశించినది. ఎంత దూరపు ప్రయాణమో అంత గొప్ప గ్రంథమని మనకు తెలియకుండనే మనము తూచుచున్నాము. ఈ తూనికరాయి సరియైనది కాదని చూపుట యీ వ్యాసమునకు ఉద్దేశము. అందులకు ఉదాహరణముగా కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములను గైకొనుచున్నాను. ఈ మూడు పట్టణములును ఒకదానికొకటి ఒక్క పూట ప్రయాణములో నున్నవి. ఐనను ఒక పట్టణమువారు రెండవ పట్టణమును పెండ్లికో, బేరమునకో, వైద్యమునకో తప్ప చూడబోవుట అరుదు.

మన యాత్రాగ్రంథములలో తలమానికముగా నెన్నదగినది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన పరివారముతో బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరెను. మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల పూనికతో ఆ గ్రంథము 1838లో అచ్చుపడినది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల పరిష్కరించి ప్రకటించిరి. పేరు కాశీయాత్రయే, కాని నేటి చదువరి ఆ పుస్తకమును దేనికొరకు తెరచుచున్నాడు? కాశీమాహాత్మ్యము పురాణములయందే దొరకును. ఏ మజిలీలో మంచినీళ్లు దొరకినవి, ఏ యూర అంగళ్లు కలవు, ఏ దారి బండ్లకు పనికివచ్చును, ఎక్కడి యిండ్లు ఎట్టివి అను సంగతులు మాత్రము మరియొకచోట దొరకవు. గమ్యము ఆ గ్రంథమునకు పేరిచ్చినది. దారి దానికి ప్రాణమిచ్చినది. దూరమువలన ఆ గ్రంథము గొప్పదైనదనువారు ఈ విషయమును ఆలోచింపవలయును.

ఐనను వీరాస్వామయ్యగారి చూపు మజిలీ చూపు. రాత్రి బస చేసి తెల్లవారుజామున కదలువాడు బియ్యము దొరకునా, నీళ్లు దొరకునా అని యడుగును, అడుగవలసినదియు అదియే. కడపనుండి ఆయన త్రోవ అహోబిలము వైపు సాగెను. పెన్నయేటి యెగువను గండికోట ఆ త్రోవకు చాల ప్రక్కన నుండిపోయినది. దూరము పోవువాడు ప్రక్కకు తిరుగలేడు. పొరుగున నున్నవాడు తిరుగగలడు. నేడు తీరనిచో రేపు మరల పోగలడు. ఈ సౌకర్యమును వాడుకొన్న గ్రంథములు మనకెన్ని కలవన్నదే ప్రశ్న.

గండికోటనే చూతము. ఎర్రమల కొండలను పెన్న కోసికొనిపోయిన గండి యంచున నున్న ఆ కోట జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్లలో నున్నది. పెమ్మసాని నాయకుల పేరుతో ప్రసిద్ధికెక్కిన ఆ దుర్గము తరువాత గోలకొండవారి సేనాని మీర్ జుమ్లా చేతబడెను. 1652లో తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఆయనను చూచుటకు అక్కడికి వచ్చెను. మీర్ జుమ్లా పాదరక్షలు లేక కూర్చుండి, కాలివ్రేళ్ల సందునను చేతివ్రేళ్ల సందునను ఉత్తరములను ఇరికించుకొని, ఒక్కొక్కదానికి జవాబు చెప్పి వ్రాయించుచుండెనని ఆ వర్తకుడు వ్రాసినాడు. ఈ ఒక్క ముచ్చటలో ఆ కాలపు కచేరీ మనకు కండ్ల గట్టుచున్నది. సరకు అమ్ముకొన వచ్చిన పరదేశి కనిపెట్టి వ్రాసినపాటి సంగతిని ఇన్ని తరములుగా ఆ కోట నీడను కాపురమున్న మనము వ్రాసినామా? కోట కట్టించినవారి వంశావళి వ్రాసితిమి. కోటలో మనుష్యులెట్లు కూర్చుండిరో వ్రాయలేదు.

దగ్గరిచూపు మనకు పూర్తిగా లేదనుట కూడ న్యాయము కాదు. 1800లో నైజాము ఈ సీమను కుంపిణీకి దత్తము చేసిన పిమ్మట, కర్నల్ మెకంజీ కొరకు కావలి సోదరులును వారి తోడి ఉద్యోగులును సేకరించిన కైఫీయత్తులు ఊరూరి వృత్తాంతములు. కడపలోని సి.పి. బ్రౌన్ కేంద్రమువారు ఈ జిల్లా కైఫీయత్తులను సంపుటములుగా ప్రకటించిరి. చెరువు ఎవరు త్రవ్వించిరి, మాన్యము ఎవరికిచ్చిరి, పొలిమేర ఏ గుట్టయొద్ద తిరుగును అనునట్టి వివరములు ఆ కాలపు వాడుకభాషలో వానియందు నిండియున్నవి. కాని వానికిని ఒక లోపము కలదు. అవి ప్రధానముగా కరణము నోటను గుడి నోటను వచ్చిన మాటలు. చెరువు త్రవ్వించినవాని పేరు కలదు. తట్ట మోసినవారి పేరు లేదు. మగ్గము మీది పన్ను కలదు. రాట్నము వడకిన స్త్రీ మాట లేదు. పొరుగూరికి పోయినను పెద్ద వాకిలియందే కూర్చుండి తిరిగివచ్చినచో, ఆ యూరిలో మూడువంతులు మనము చూడనట్లే.

ఇక కవులను చూతము. ప్రొద్దుటూరిలో కాపురముండిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు అక్కడి అగస్త్యేశ్వరాలయమున ప్రదక్షిణములు చేయుచు శివతాండవమును రచించిరని ప్రసిద్ధి. దినదినము త్రొక్కిన రాళ్లమీదనే తిరుగుచు అంతటి కావ్యమును కట్టుట, దూరము పోనిదే క్రొత్త దొరకదనువారికి చాలినంత సమాధానము. కాని ఆ కావ్యములో ప్రొద్దుటూరు లేదు. ఉండవలసిన పనియు లేదు. కవి తన గుడిని కైలాసము చేసికొనెను. ఇది కవికి భూషణము. గుడిని గుడిగను, దాని వెలుపలి బంగారపు అంగళ్లను అంగళ్లుగను, పెన్నయొడ్డును పెన్నయొడ్డుగను చూపవలసిన భారము వచనముది. ఆ భారమును మన వచనము చాలినంతగా నెత్తికొనలేదు.

ఎత్తికొన్నవారిలో ఒకరిని పేర్కొనవలయును. ఈ జిల్లావారే యగు కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊళ్ల పేర్లను గూర్చి పరిశోధించి డాక్టరేటు పొందిరి. మనము దినమును పలుకు పేర్లే ఆయనకు ప్రయాణమైనవి. జమ్మలమడుగు అను పేరును విడదీసినచో జమ్ము పెరిగిన మడుగు కానవచ్చును. నేడు ఆ వీథులలో నడచువానికి జమ్మును లేదు, మడుగును లేదు. గండి యను మాట గండికోటలో కలదు; పులివెందుల వైపున వేంపల్లె సమీపమున పాపఘ్ని కొండను చీల్చుకొని పోవు ఆంజనేయక్షేత్రమునకు గండి యనునదే పేరు. రెండు నదులు, రెండు కొండలు, ఒకే మాట. ఈ రెంటిని ఒక్కనాడు చూచివచ్చిన బాలునికి భూగోళశాస్త్రములో ఒక పాఠము జన్మాంతము మరువరానిదిగా నిలుచును.

ఇట్టి మాట మనయొద్ద నుండగా, నేడు గండికోటను గూర్చి వెలువడు వ్రాతలలో పెక్కింటికి "భారతదేశపు గ్రాండ్ కాన్యన్" అనునదే మొదటి వాక్యము. అమెరికాలోని లోయతో పోల్చినగాని మన గండికి విలువ లేదనుకొనుట మొదటి లోపము. లోయయంచున నిలిచి ఛాయాచిత్రము తీసికొను చోటు చెప్పి, కోటలో నేటికిని కాపురమున్న యూరివారిని విడిచిపెట్టుట రెండవ లోపము. పోవు దారియు భోజనవసతియు చెప్పి, ఏమి అడుగవలయునో చెప్పకుండుట మూడవ లోపము. ఇవి ప్రయాణమునకు పనికివచ్చు వ్రాతలే, వాఙ్మయము కాజాలవు. పులివెందులది మరియొక విధమైన దుర్గతి. వార్తాపత్రికలును చలనచిత్రములును ఆ పేరును రాజకీయములకును పగలకును ముడివేసినవి. భూగర్భశాస్త్రజ్ఞులు మాత్రము ఆ పేరును 180 కోట్ల యేండ్లకు పైబడిన ఒక శిలాశ్రేణికి పెట్టుకొన్నారు. గండికోట పేరిట ఒకటియు, వేంపల్లె పేరిట ఒకటియు అట్లే కలవు. వేంపల్లె శ్రేణి సున్నపురాళ్లలో పొరమీద పొరగా కనబడు గుండ్రని గీతలు, కంటికి కానరాని ఆదిమజీవులు కట్టిపోయిన యిండ్ల గురుతులు. దేశాంతరముల శాస్త్రగ్రంథములలో చదువబడు ఈ పేరు ఆ తాలూకా బడిపిల్లలకు కథగా చెప్పువారు కావలయును.

సాహసమునకు దూరము అక్కరలేదనుటకు నిదర్శనములు ఈ ప్రాంతమున కొల్లలుగా నున్నవి. యెర్రగుంట్ల దగ్గరి కలమళ్ల గ్రామపు గుడియందలి శాసనము రేనాటి చోళుడగు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుని నాటిది, క్రీ.శ. 575 ప్రాంతపుదని చెప్పుదురు. సంపూర్ణముగా తెలుగున చెక్కబడిన శాసనములలో మనకు దొరకిన తొలిదానిగా పండితులు దీని నెన్నుచున్నారు. ప్రొద్దుటూరు వర్తకుడు సిమెంటు కొనుటకు యెర్రగుంట్లకు ఎన్నిమారులో పోయివచ్చును. తన భాష మొదట రాతికెక్కిన చోటు ఆ ప్రక్కనే యున్నదని ఆయనకు చెప్పినవారెవరు?

జమ్మలమడుగు దగ్గర పెన్నయొడ్డున దానవులపాడు కలదు. అక్కడ ఇసుకలో పూడిపోయియుండిన జైనాలయమును ఇరువదవ శతాబ్దారంభమున పురాతత్వశాఖవారు త్రవ్వి తీసిరి. రాష్ట్రకూట ప్రభువు నిత్యవర్షుడు శాంతినాథుని అభిషేకమునకు చేయించిన పీఠము అందు బయటపడినది. అహింసయే పరమధర్మమనిన తీర్థంకరుల గుడి పూడిన చోటికి దానవుల పేరు నిలిచినది. ఆ పేరు ఎట్లు వచ్చినను, అందు మనకొక పాఠము కలదు. దగ్గరనే యుండి మనమెరుగని దానిని మనము దయ్యమనుటకు ఆలసింపము. చూడని పేట, త్రొక్కని వీథి, పలుకరింపని యిల్లు – వీని గూర్చి మన యిండ్లలో పుట్టు కథలన్నియు ఈ జాతివే. తన యూరి హరిజనవాడకు జన్మలో నొకమారైన పోని విద్యావంతుడు హిమాలయయాత్ర వ్రాసినచో, ఆ యాత్ర ఎచ్చట మొదలు కావలసియుండెనో చదువరి యడుగకమానడు. అక్కడికి వింత చూడబోవుట అవమానము. మాటాడి, విని, మరల పోవుట యాత్ర.

ఇక ముఖ్యముగా చెప్పవలసినది స్త్రీలను గూర్చి. మన కుటుంబములలో స్త్రీ గడప దాటుటకు పుణ్యమో, పురుడో, పెండ్లియో, చావో ఏదో యొక పేరు కావలయును. తిరుపతికి మ్రొక్కు కలదనిన బండి కట్టుదురు; గండికోట ధాన్యాగారము చూడవలెననిన "అక్కడేమున్నది?" అందురు. చూడవలెనను కోరిక తానే చాలిన కారణమని ఒప్పుకొనువరకు మన స్త్రీవిద్య పుస్తకములలోనిదే యగును. ఎండ కలదు, నీటికి ఇబ్బంది కలదు, తోడు లేదు అను ఆక్షేపణలు నిజమే. చలికాలపు ఉదయము, ఒక కూజా నీళ్లు, ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురు – ఈ మూడును వానికి సమాధానము. కాశికి కావలసిన ధనమును నెలల సెలవును దీనికి అక్కరలేదు. అందువలననే ముంగిటి యాత్ర బీదకును స్త్రీకిని పిల్లలకును అందగల విద్య. దీనిని చిన్నచూపు చూచుట వారిని చిన్నచూపు చూచుటయే.

దగ్గరిది ఎప్పుడైనను చూడవచ్చునను ధైర్యము కూడ మంచిది కాదు. 2020లో గండికోట జలాశయమును నింపినపుడు తాళ్లప్రొద్దుటూరు నీట మునిగినది. నీళ్లు ఈ సీమకు ప్రాణము. జలాశయము కట్టుట తప్పని యెవరందురు? కాని ఇండ్లు విడిచిపోయినవారి వీథులు ఎట్లుండెనో, రచ్చబండ ఎచట నుండెనో, ఏ బావినీళ్లు తియ్యనివో చుట్టుప్రక్కల యూళ్లవారు ఎందరు చూచి వ్రాసియుంచిరి? కాశి యెక్కడికిని పోదు. పొరుగూరు పోగలదు.

కాబట్టి యాత్రాగ్రంథము చేతికి వచ్చినపుడు ఎన్ని క్రోసులు నడచెనని యడుగుట మానుదము. ఎవరితో మాటాడెను, ఏమి యడిగెను, తాను ముందు నమ్మినదానిలో ఏది మార్చుకొనెను అని యడుగుదము. ఈ మూడు ప్రశ్నలకు నిలిచిన రచన పది కిలోమీటర్ల దూరపుదైనను యాత్రావాఙ్మయమే. నిలువనిది భూప్రదక్షిణమైనను దారిఖర్చుల పద్దు. చదువరులు ఈ సంచికను ముగించిన పిమ్మట వచ్చు సెలవుదినమున తాము చూడని పొరుగూరొకటి యెన్నుకొని, ఇంటి ఆడవారితోను పిల్లలతోను పోయి, విన్నది విన్నట్లు నాలుగు పుటలు వ్రాసియుంచుదురుగాక. అట్టి పుటలు ఊరికొకటిగా చేరిననాడు కరణము చెప్పని కైఫీయత్తు మనకు సిద్ధించును.