స్టాక్ హద్దు తెలిసినవారి పనితనం

దోషాన్ని పట్టవలసిన డీబగ్ ఫ్లాగే, అంటే అదనపు తనిఖీల కోసం కంపైలర్‌కు ఇచ్చే ఆదేశమే, ప్రోగ్రామును క్రాష్ చేసినప్పుడు ఫోర్ట్రాన్ నిపుణుల పనితనం బయటపడుతుంది. ఆ ఫ్లాగుతోపాటు ఆప్టిమైజేషన్‌ను, అంటే కంపైలర్ కోడ్‌ను వేగవంతం చేసే ప్రక్రియను, ఆపగానే, మామూలుగా తొలగిపోయే తాత్కాలిక అరేలు (సంఖ్యల పట్టికలు) మిగిలిపోయి, స్టాక్‌లోకి, అనగా ఉపప్రోగ్రాముల పిలుపులకు కేటాయించే పరిమిత మెమరీలోకి, చేరవచ్చు. లినక్స్‌లో ఆ హద్దు సాధారణంగా 8 మెగాబైట్లే కాగా, 8 బైట్ల సంఖ్యలు గల 1100×1100 అరే ఒక్కటే 96,80,000 బైట్లు ఆక్రమిస్తుంది. అనుభవజ్ఞులు గణిత సూత్రాలను వెంటనే అనుమానించక (సగం నేర్పు అక్కడే ఉంది), యూలిమిట్ ఆదేశంతో హద్దు పెంచి చూసి, క్రాష్ ఆగితే పెద్ద అరేలను హీప్‌కు, అంటే ప్రోగ్రాము అవసరాన్నిబట్టి అడిగి తీసుకునే విశాలమైన మెమరీకి, మళ్లిస్తారు. ఫ్లాగును తీసివేసి ఊరుకోవడం మాత్రం పరిష్కారం కాదు. ఆ ఫ్లాగు చేసే అరే హద్దుల తనిఖీ లేనప్పుడు, ఆ హద్దు దాటిన రాత పొరుగు విలువలను చడీచప్పుడు లేకుండా చెరిపివేయగలదు.