లువా-సి అనుసంధానం: ఒక విమర్శనాత్మక పరిశీలన

సి భాషలో రాసిన ప్రోగ్రాంలో చిన్న మార్పు చేయాలన్నా దాన్ని మళ్లీ కంపైల్ చేయాలి. ఈ ఇబ్బందిని తగ్గించడానికి ప్రోగ్రాం లోపలే ఒక స్క్రిప్టు భాష ఇంటర్‌ప్రెటర్‌ను అమరుస్తారు. 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో రూపొందిన లువా ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దాని గుణదోషాలను పరిశీలిద్దాం.

సి భాషలో ప్రతి చలరాశికి రకాన్ని ముందే ప్రకటించాలి. లువాలో రకం విలువకే ఉంటుంది, చలరాశికి ఉండదు. సి భాషలో మెమరీని ప్రోగ్రామరే విడుదల చేయాలి. లువాలో ఆ పని గార్బేజ్ కలెక్టర్ చేస్తుంది. ఈ తేడాలను సర్దుబాటు చేయడానికి లువా రెండు భాషల మధ్య ఒక స్టాక్‌ను ఉంచింది. సి ప్రోగ్రాం విలువలను స్టాక్‌పై పెడుతుంది, అక్కడినుంచే చదువుతుంది. స్టాక్‌పై ఉన్నంతవరకు ఆ విలువను గార్బేజ్ కలెక్టర్ తొలగించదు. ఇది మెచ్చదగిన పరిష్కారం.

అయితే పెట్టిన విలువను తీయడం మరచిపోతే కంపైలర్ మిమ్మల్ని హెచ్చరించదు. లువా పిలిచిన సి ఫంక్షన్‌కు కనీసం 20 ఖాళీ స్థానాల హామీ మాత్రమే ఉంటుంది. అంతకు మించి కావాలంటే ముందుగా తనిఖీ చేసుకోవలసింది మీరే.

ఇంతకంటే తీవ్రమైన సమస్య దోష నిర్వహణ. బిల్లులు వేసే ప్రోగ్రాంలో వాడుకరి రాసిన తగ్గింపు సూత్రంలో తప్పుందనుకోండి. ఏ రక్షణా లేకుండా లువా-కాల్‌తో పిలిస్తే మొత్తం ప్రోగ్రామే ఆగిపోతుంది, భద్రపరచని బిల్లు పోతుంది. లువా-పీకాల్‌తో పిలిస్తే దోష సంకేతం తిరిగి వస్తుంది, బిల్లు నిలుస్తుంది.

సురక్షిత మార్గాన్ని లువా ఇచ్చింది, కానీ దాన్ని ఎంచుకోవడం ప్రోగ్రామర్ జాగ్రత్తకే వదిలింది. ఈ రూపకల్పనలోని ప్రధాన లోపం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: స్టాక్ పద్ధతి వల్ల కలిగే ఒక ప్రయోజనాన్ని, ఒక ప్రమాదాన్ని వివరించండి.