వంత ఎవరిది?

జన నాట్యమండలి చరిత్రను గద్దర్ జీవిత చరిత్రగా రాయటం మన విమర్శకులకు అలవాటైపోయింది. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూసిన తరువాత నేను చదివిన వ్యాసాలు దాదాపు అన్నీ ఆ ధోరణివే. ఆ మహాగాయకుని శక్తిని నేను తక్కువ చేయటం లేదు. కాని బృందం సాధించిన విజయాన్ని వొక్క కంఠానికి కట్టబెడితే, ఆ విజయానికి కారణమేమిటో మనకు అంతుపట్టదు.

1972లో హైదరాబాదులో, బి. నరసింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ సంఘం నుంచి యీ మండలి పుట్టింది. ఉత్తరాంధ్ర పలుకుబడితో వంగపండు ప్రసాదరావు తోడైనాడు. అప్పటికి మూడు దశాబ్దాల ముందే, 1943లో, ప్రజానాట్యమండలి వచ్చింది. నాజర్ బుర్రకథ పల్లెపల్లెనూ కదిలించింది. మరి వీళ్లు కొత్తగా చేసిందేమిటి?

బుర్రకథలో వంతలిద్దరూ వేదిక మీదనే వుంటారు. కథకుడు చెబుతాడు, వంతలు అందుకుంటారు, జనం వింటారు. జన నాట్యమండలి ఆ వంతను వేదిక దింపి జనం నోటికి అప్పగించింది. పల్లవి చిన్నది, బాణీ వూళ్లో యెరిగినదే, మాట కూలివాడిది. రెండో చరణానికల్లా విన్నవాడు గొంతు కలపక తప్పదు. గోచీ, గొంగడి, గజ్జెలు తరువాతి సంగతి. ‘మా భూమి’ (1979) చిత్రంలో గద్దర్ పాడిన బండి పాట కూడా ఆయన రాసినది కాదు. సాయుధ పోరాటం నాటి యాదగిరిది. ఆ సంగతి యెంతమందికి గుర్తుంది?

1990 ఫిబ్రవరిలో నిజాం కళాశాల మైదానంలో జరిగిన సభకు జనం వెల్లువెత్తారు. విజయమే, సందేహం లేదు. అయితే అంత పెద్ద సభలో మైకుదే రాజ్యం. వంత అక్కడే సన్నగిల్లిందేమోనని నా అనుమానం.

2009 తరువాత, తార్నాక నుంచి ఆర్ట్స్ కళాశాల దాకా నడిచిన వూరేగింపులలో విద్యార్థిగా నేనూ వున్నాను. మైకు లేదు. చరణం గుర్తురానివాడు పల్లవి పట్టుకొని సొంత మాటలు అతికించేవాడు, వెనకవాళ్లు అందుకునేవారు. ప్రాస సంగతి అడగకండి, మా పండితులు వింటే చెవులు మూసుకొనేవారు! వేదిక దిగిన వంత అంటే అదీ.

నేటి విద్యార్థులు తార్నాక టీ కొట్టులో అవే పాటలు సెల్‌ఫోనులో వింటున్నారు. పాడమంటే, “గద్దర్ లాగా రాదు సార్” అంటున్నారు. అందుచేత, పాట మీద పరిశోధన చేస్తామని వచ్చినవారిని వంత పాడినవాళ్ల దగ్గరకు, డప్పు కొట్టినవాళ్ల దగ్గరకు ముందు వెళ్లమంటున్నాను. వారంతా వయసు మళ్లినవారు.